పెద్ద సైజు ఇన్సులేటెడ్ స్మోకర్ ఇంటికి తీసుకోవాలనుకుంటాండా, ఏది మేలు?

మిద్దెమింద పొగ (అనంతపురం)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. సొంతిల్లు, పైన మిద్దె ఖాళీగా ఉండాది. రెండేండ్ల నుంచి పాత నూనె డ్రమ్ము కోయించి అందులో బొగ్గులేసి చికెన్, పొట్టేలు ముక్కలు పొగ పెట్టుకుంటాండాము, నలుగురికి చేసినంత కాలం బాగానే నడిచింది. మొన్న కనుమకి ఇంట్లోకి ముప్పై మంది దిగినారు, నేను పెద్ద మొనగాడి మాదిరి నాలుగు తొడలు ఒకేసారి పెడితి. పొద్దున ఆరుకి రాజేస్తే మధ్యాహ్నం రెండైనా లోపల ఎర్రగానే ఉండాది, పైనంతా మాడి నల్లగా. గాలి కొట్టినప్పుడల్లా వేడి మీటర్ సూది 160 డిగ్రీలకి పోతాది, మూత తెరిచి మూసేలోపల 80కి పడతాది. ఆఖరికి మా అమ్మ అన్నీ ఎత్తి కుక్కర్లో ఏసి పులుసు చేసింది, సంగట్లోకి అదిరిపోయిందనుకోండి, నా పరువు మాత్రం పాయ.

ఇప్పుడు అడిగేదేందంటే, డబుల్ గోడ ఉండి మధ్యలో వేడి పోకుండా ఊలు కూరిన (ఇన్సులేషన్ అంటే అదే) పెద్ద బీరువా మాదిరి స్మోకర్, అదే మాంసాన్ని పొగలో వండే పెట్టె, ఒకటి తీసుకోవాలని. మా బావమరిది బెంగళూరులో ఉంటాడు, వాడేమో పింగాణీ కమాడో, అదే గుడ్డు ఆకారంలో ఉండే బొగ్గుల పొయ్యి, తీసుకో అంటాడు, పెద్ద సైజుకి లక్షన్నర పైనే చెప్పినారంట. ఇంకొకాయన కట్టెపొట్టు గుళికలతో నడిచే పెల్లెట్ది తీసుకో, బటన్ నొక్కి పడుకో అన్నాడు. మా నాయనేమో "ఎండాకాలం 42 డిగ్రీల ఎండలో పెట్టెకి దుప్పటి కప్పేదేందిరా" అని నవ్వుతాండాడు. ఆ మాట కూడా కరెక్టేనేమో అనిపిస్తాంది. మన ఊర్లకి ఇన్సులేషన్ నిజంగా కావాల్నా? కావాలంటే ఎంత సైజు? యాభై మందికి సరిపోయేది చేయించేస్తే ఒకేసారి పని అయిపోతాది కదా అని నా లెక్క.

పొగాకు కాదు పొగ (ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్)

మీ నాయన అడిగింది మంచి ప్రశ్న బ్రో, కానీ జవాబు వేరే ఉంది. ఇక్కడ చలికాలం బయట సున్నా ఉంటే లోపల 120 పెట్టాలి, అంటే 120 డిగ్రీల తేడా. మీ మిద్దె మీద ఏప్రిల్లో 40 ఉంటే తేడా 80 మాత్రమే. కాబట్టి చలి కోసం మీకు ఇన్సులేషన్ అక్కర్లేదు, నిజమే. మీకు కావల్సింది గాలి కోసం. అనంతపురం పక్క ఆషాఢం గాలి సంగతి నాకు చెప్పాల్నా, గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా ఆ కొండల మీద. పల్చటి రేకు డ్రమ్ముకి ఒక పక్క గాలి తగిలితే ఆ పక్క చల్లారుతుంది, సందుల్లో దూరితే నిప్పు భగ్గుమంటుంది, మీ సూది ఆడింది అందుకే. గోడ మందంగా ఉండి తలుపు గట్టిగా బిగుసుకుంటే ఆ రెండూ ఉండవు. బొగ్గు కూడా బాగా మిగులుతుంది.

కానీ ఒక తిరకాసు ఉంది, అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. పెట్టె ఎంత బాగా వేడిని పట్టుకుంటే నిప్పు అంత చిన్నగా పెట్టాల్సి వస్తుంది. నిప్పు చిన్నది కావాలంటే గాలి రంధ్రం మూయాలి, గాలి మూస్తే అందులో వేసిన కట్టె మండదు, కుములుతుంది. కుమిలితే తెల్లగా దట్టమైన పొగ, అది మాంసానికి పట్టి నాలిక మీద చేదు, తారు వాసన. మనకు కావల్సింది చిమ్నీ నుంచి కనపడీ కనపడనట్టు నీలంగా పోయే పొగ. అందుకే ఇక్కడ కట్టెలతోనే మంట పెట్టి వండేవాళ్ళు ఇన్సులేటెడ్ పెట్టె జోలికి పోరు, పక్కన ఫైర్ బాక్స్ ఉండే ఆఫ్‌సెట్ వాడతారు, రుచి దాంట్లోనే ఎక్కువ, ఒప్పుకోవాలి, కాకపోతే ముప్పావు గంటకొకసారి లేచి కట్టె వెయ్యాలి. పెట్టెలో అయితే మంట బొగ్గుదే, కట్టె పిడికిలంత ముక్కలు నాలుగైదు మాత్రమే, బాగా ఎండినవి. రాత్రి పడుకోవచ్చు.

యాభై మంది లెక్క మాత్రం వద్దు. యాభై మందికి కట్టిన పెట్టెలో ఐదుగురికి వండితే ఇదే కుమిలే గోల ఇంకా ఎక్కువవుతుంది. ఏడాదికి యాభై మంది ఎన్నిసార్లు వస్తారు చెప్పండి.

గేట్లూ గ్రిల్సూ (కర్నూలు)

తమ్ముడూ, కల్లూరు ఎస్టేట్ పక్కన నాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు, గేట్లే ఎక్కువ, కానీ ఇట్లాంటి పెట్టెలు నాలుగు చేసినా. రెండు బాగొచ్చినాయి, రెండు రాలే, రానివాటి నుంచే నేర్చుకున్యా కాబట్టి చెప్తాండా.

లోపల 60 బై 60, ఎత్తు 120 సెంటీమీటర్లు చాలు. నాలుగు జాలీలు పడతాయి, ఒక్కో దాని మింద మూడు తొడలు ఎడం ఎడంగా, అంటే పన్నెండు. ముప్పై మందికి మిగుల్తాది. లోపలి షీటు 2 ఎంఎం, బయట 1.6 ఎంఎం, మధ్యలో రెండించుల సందు, దాంట్లో సెరామిక్ ఊలు. రాక్ ఊల్ అయినా పర్లే. గ్లాస్ ఊల్ నిప్పుల పక్కకి వద్దు, దాన్ని అంటించిన జిగురు కాలి కంపు కొడతాది. ఊలు కూరేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతికి గ్లౌజులు ఉండాల్సిందే, ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, అందుకే లోపలి షీటు జాయింట్లు చుక్క చుక్క కాకుండా పొడుగునా వెల్డింగు కొట్టాల, లేకుంటే ఊలు నూగు కూట్లోకి, కూటి కొవ్వు ఊల్లోకి పోతాది. కొవ్వు తాగిన ఊలుకి ఎప్పుడో ఒకరోజు మంట అంటుకుంటాది, నా మొదటి పెట్టెకి అదే జరిగింది.

జీఐ షీటు, అంటే జింక్ పూత రేకు, లోపల వాడొద్దు, నిప్పుల దగ్గర జింక్ పొగ లేస్తాది. కొంతమంది పాత ఫ్రిజ్ తెచ్చి దీన్ని స్మోకర్ చెయ్యన్నా అంటారు, మంచి ఐడియా మాదిరే ఉంటాది, లోపలంతా ప్లాస్టిక్కు, దాని వెనక ఫోము, 120 డిగ్రీలకి అది కరిగి వచ్చే గాలి పీల్చినా తప్పే, ఆ కూడు తిన్నా తప్పే. నేను చెయ్యనని తిప్పి పంపించినా.

తలుపు దగ్గరే అసలు పనితనం. లోపలి షీటూ బయటి షీటూ కలిసే చోటు తలుపు అంచే కాబట్టి ఎంత ఊలు కూరినా అక్కడ చెయ్యి కాల్తాది. సందు మూసే గ్లాస్ ఫైబర్ తాడు గాస్కెట్ పెట్టించు, కొండీలు రెండు పెట్టించు, పైనొకటి కిందొకటి. ఒక్క కొండీతో చేస్తే ఆరు నెలలకి తలుపు వంకర పోయి పైమూల నుంచి పొగ కారతాది.

బిర్యానీ డ్యూటీ (అనంతపురం)

నేను క్యాటరింగ్ లో ఉండా. ఇందాక నుంచి షీటు, ఊలు, గాస్కెట్ అంటాండారు గానీ అందులో ఏం పెట్టబోతాండాడో ఎవరూ అడగలే. అమెరికా వాళ్ళ బ్రిస్కెట్ అంటే గొడ్డు రొమ్ము మాంసం, ఐదారు కిలోల కొవ్వు పట్టిన ముక్క, దానికి పన్నెండు గంటలు అర్థం ఉంది. మన పొట్టేలు తొడ ఎంత, రెండు కిలోలు. మేకపోతుదైతే ఇంకా చిన్నది, కొవ్వే ఉండదు, పన్నెండు గంటలు పెడితే చెప్పు తోలే.

నా లెక్క ఇది. మేకపోతు వద్దు, పొట్టేలే తీసుకో, అందులో తొడ కన్నా ముందరకాలు మేలు, పక్కటెముకలు ఇంకా మేలు, వాటిల్లో కొవ్వూ పొరలూ ఉంటాయి. 120 దగ్గర పెట్టు. లోపల 65, 70 వచ్చినాక ముల్లు కదలదు, గంటా రెండు గంటలు అక్కడే నిలబడతాది, బొగ్గు అయిపోయిందేమో అని నువ్వు కంగారుపడి ఇంకా ఏస్తావు, కనుమకి నువ్వు చేసిన తప్పు అదే అని నా అనుమానం. ముక్క మింద చెమట ఆరతాంటే చల్లబడతాది, మన మట్టికుండ నీళ్ళ మాదిరే. అప్పుడు దాన్ని కొంచెం నెయ్యి పూసి అల్యూమినియం ఫాయిల్లో చుట్టి మళ్ళీ పెట్టు, 93 వరకు పోనీ, ఎముక చేత్తో లాగితే వచ్చేస్తాది. బ్రాయిలర్ కోడికి ఇంత సేపు వద్దు, వేడి 150 దాకా పెంచి లోపల 74 చూసి తీసెయ్యి, తక్కువ వేడి మింద పెడితే తోలు రబ్బరు అవుతాది. నాటుకోడిని మాత్రం దాంట్లో పెట్టి పాడు చెయ్యొద్దు, దానికి పులుసే రాసిపెట్టి ఉండాది.

ఇంకోటి, రాత్రే మసాలా పట్టించి పొద్దున్నే మిద్దె మింద బేసిన్ పెట్టుకుని కూచోవద్దు, మన ఎండకి గంటలోనే పాడవుతాది. పెట్టె వేడెక్కినాకనే ఫ్రిజ్ నుంచి తియ్యి.

మిద్దెమింద పొగ (అనంతపురం)

బిర్యానీ డ్యూటీ అన్నా, నిజమే, రెండుసార్లు బొగ్గు ఏస్తి. డ్రమ్ము మూత మింద బిగించిన మీటర్ చూసే ఏస్తి.

సరే, యాభై మంది ఆలోచన వదిలేసినా. కమాడో, పెల్లెట్ సంగతి ఎవరన్నా చెప్పండి. కట్టె ఏది? మా ఇంటి వెనక సర్కారు తుమ్మ అడివి మాదిరి ఉండాది, ఫ్రీ కదా.

పొగాకు కాదు పొగ (ప్రొద్దుటూరు, ఇప్పుడు డాలస్)

మూత మీటర్ ని నమ్మొద్దు, అది మూత దగ్గర గాలి వేడి చెప్తుంది, ముక్క పక్కన ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు. జాలీ మీద ఒక ప్రోబు (థర్మామీటర్ ముల్లు), ముక్కలో ఒక ప్రోబు, దీనికి పెట్టిన డబ్బు వేస్ట్ కాదు.

కమాడో మంచిదే, వేడి పట్టడంలో దాన్ని మించింది లేదు, రొట్టెలకీ పనికొస్తుంది, మన తందూరుకి చుట్టమే అనుకోండి. కానీ గుండ్రంగా ఒకటే అంతస్తు, ముప్పై మందికి కుదరదు. పొరపాటున వేడి ఎక్కువైతే దిగడానికి గంటన్నర పడుతుంది, కింద పడితే పగులుతుంది. పెల్లెట్ దానికి కరెంటు కావాలి, కరెంటు పోతే నిప్పూ పోతుంది, పైగా మన దగ్గర మామూలుగా దొరికే పెల్లెట్లు బాయిలర్లకి చేసేవి, చెనిక్కాయ పొట్టూ రంపపు పొట్టూ ఏవేవో కలిపి ఉంటాయి, తిండికి వద్దు.

సర్కారు తుమ్మ మాట ఎత్తారు కాబట్టి, ఇక్కడ టెక్సాస్ లో డబ్బులిచ్చి కొనే మెస్కీట్ కట్టె ఉంది చూడండి, అది మన సర్కారు తుమ్మకి దాయాది, రెండూ ప్రోసోపిస్ జాతే. మొదటిసారి చూసినప్పుడు నవ్వాగలేదు, మా ఊర్లో చేను పాడు చేస్తుందని తిట్టుకునే కంపని ఇక్కడ సంచిలో పెట్టి అమ్ముతున్నారు. బొగ్గుగా బంగారం, మన పక్క బట్టీల్లో కాల్చేది కూడా ఎక్కువ అదే. బొగ్గు చెయ్యకుండా కట్టెగా వాడితే మాత్రం ఘాటు, ఎక్కువసేపు పెడితే చేదు. కాబట్టి నిప్పు తుమ్మ బొగ్గుది, పొగ మామిడిదో జామదో. వేప, జామాయిల్, ప్లైవుడ్ ముక్కలు దగ్గరికి రానివ్వొద్దు.

గేట్లూ గ్రిల్సూ (కర్నూలు)

అసలు సంగతి మర్చిపోతిమి. మిద్దె మింద అంటివి, ఏ మిద్దె? మట్టి మిద్దె అయితే ఈ మాటే ఎత్తొద్దు. 2 ఎంఎం షీటు చదరపు మీటరుకి దగ్గర దగ్గర 16 కిలోలు, లోపలా బయటా ఊలూ జాలీలూ కలిపితే నేను చెప్పిన సైజుకి 180 కిలోలు తప్పదు. పైకి ఎక్కించాలంటే ఆరుగురు మనుషులు. ఆర్సీసీ అయినా నడిమధ్య పెట్టొద్దు, కింద గోడో దూలమో ఉన్న చోట పెట్టు, గాలి వచ్చే పక్కకి దాని వీపు ఉండాల. కింద కడప బండ పరుచుకుందాంలే అనుకుంటావేమో, నిప్పు రాలే చోట అది వద్దు, సున్నపురాయి కదా, తడి పట్టిన బండకి వేడి తగిలితే పెచ్చులు చిట్లి ఎగురుతాయి. ఇటుకలు పేర్చుకో. రేకుల షెడ్డులో నాలుగు పక్కలా మూసి మాత్రం పెట్టొద్దు, బొగ్గుల గాలి వాసన లేకుండానే మనిషిని పడగొడతాది.

ఉగ్గాని బజ్జి (కడప)

పక్కింటోళ్ళని కూడా అడుగు తమ్ముడూ. నేను పోయిన వేసవిలో ఇట్లే మిద్దె మింద మొదలుపెడితే పక్కింటి అవ్వ ఎండబెట్టుకున్న వడియాలన్నిటికీ పొగ వాసన. వాళ్ళేమో ఉల్లిగడ్డ కూడా తినరు. మూడు నెలలు మాట్లాడలే.

మిద్దెమింద పొగ (అనంతపురం)

అప్‌డేట్. ఇక్కడే మన ఊర్లో చేయించినా, గేట్లూ గ్రిల్సూ అన్న చెప్పిన కొలతలకే, ఒక్క మార్పు, ఎత్తు 120 బదులు 100. అది కూడా పైకి ఎక్కించలే, వెనక వాకిట్లో ఇటుకల మింద పెట్టినా, మా నాయన మిద్దె మింద వద్దే వద్దన్నాడు. ఫస్టు రోజు ఖాళీగా నూనె పూసి నాలుగు గంటలు గట్టిగా కాల్చినా. నిన్న మూడు ముందరకాళ్ళు, రెండు పక్కటెముకలు పెడితి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం మూడు వరకు మూడున్నర కిలోల బొగ్గు, మళ్ళీ ఏసింది లేదు, మధ్యలో గాలి లేచినా ప్రోబు 115కీ 125కీ మధ్యే ఉన్యాది. 68 దగ్గర గంటన్నర నిలబడింది, చేతులు కట్టుకుని కూచున్యా. మా అమ్మ తిని "పులుసుకే బాగుంటాది" అని మాత్రం అనింది, రెండోసారి కూడా ఏసుకునింది.

ఒక్క డౌటు, చిమ్నీ కింద తలుపు పైఅంచు నుంచి నల్లగా జిడ్డు నీళ్ళు కారతాండాయి, గాస్కెట్ తప్పా?

గేట్లూ గ్రిల్సూ (కర్నూలు)

గాస్కెట్ కాదు, చిమ్నీ డంపర్, అదే పొగ గొట్టం మూత, సగం మూసింటావు, పొగ బయటికి పోక లోపలే జిడ్డు నీళ్ళై కారతాంది. పైది పూర్తిగా తెరిచే ఉంచు, వేడి తగ్గించాలంటే కింది రంధ్రం మాత్రమే ముయ్యి. వానాకాలం చిమ్నీకి ఒక టోపీ చేయించు, పెట్టె మింద లారీ టార్పాలిన్ కప్పు, చల్లారినాకనే.