రీమిక్స్, రీమాస్టర్, రీఇష్యూ: మూడింటికీ ఒకే తెలుగు మాట చాలా?

ప్రశ్న:

రాక్ సంగీతం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అమెరికా రాక్ బృందం ఇగ్గీ అండ్ ద స్టూజెస్ 1973లో తెచ్చిన 'రా పవర్' ఆల్బమ్, దానికి తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన కొత్త ప్రతుల కథ అది. రీమిక్స్, రీమాస్టర్, రీఇష్యూ అనే మాటలు ప్రతి పేరాలోనూ వస్తున్నాయి. మూడింటికీ 'పునరుద్ధరణ' అంటే చాలునని మా సంపాదకుల మాట. నాకు మనసొప్పడం లేదు. ఏం రాస్తే బాగుంటుందో చెప్పగలరు.

జవాబు:

మీరు ఒప్పుకోకపోవడమే సరైన పని అండీ. 'పునరుద్ధరణ' అంటే పాడైనదాన్ని, ఆగిపోయినదాన్ని తిరిగి నిలబెట్టడం. గాలివాన తర్వాత విద్యుత్ సరఫరాను పునరుద్ధరిస్తారు, రద్దు చేసిన రైలును పునరుద్ధరిస్తారు. పాత ఆల్బమ్‌ల విషయంలో ఆ మాటకు నిజంగా పని ఉన్నది టేపు దగ్గర. 1970ల నడుమ నుంచి 80ల దాకా తయారైన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పూతను పట్టి ఉంచే పదార్థం గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. అలాంటి టేపును యంత్రం మీద తిప్పితే పూత ఊడివచ్చి, ధ్వనిని చదివే హెడ్లకు అంటుకుంటుంది. పూత పోతే పాట పోయినట్టే. అందుకని ముందు దాన్ని 50 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన గంటల తరబడి వెచ్చబెట్టి, మళ్లీ తేమ పట్టకముందే డిజిటల్ రూపంలోకి ఎక్కించుకుంటారు. ఇది ముమ్మాటికీ పునరుద్ధరణే. ఆ తర్వాత జరిగే పనులు వేరు, వాటికి పేర్లూ వేరుగా ఉండాలి.

ఎందుకు ఉండాలో మీ వ్యాసంలోని ఆల్బమే చెబుతుంది. 'రా పవర్'ను 1972 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లండన్‌లోని సీబీఎస్ స్టూడియోలో రికార్డు చేశారు. పాడింది ఇగ్గీ పాప్, గిటార్ జేమ్స్ విలియమ్సన్, బేస్ గిటార్ రాన్ ఆషెటన్, డ్రమ్స్ అతని తమ్ముడు స్కాట్. విడివిడిగా రికార్డైన గొంతునూ వాద్యాలనూ తగిన పాళ్లలో కలపడమే మిక్స్. ఇగ్గీ స్వయంగా కలిపిన మిక్స్‌ను రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. ఆ పనికి ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ వచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక్క రోజులో ముగించాల్సి వచ్చింది. బౌయీ తర్వాతి రోజుల్లో చెప్పినదాని ప్రకారం, 24 ట్రాకులు, అంటే ధ్వనిని విడివిడిగా నింపే వరుసలు, ఉన్న టేపులో వాడినవి మూడే. ఒకదాని మీద బృందమంతా, ఒకదాని మీద లీడ్ గిటార్, ఒకదాని మీద గొంతు. డ్రమ్స్‌ను పెంచాలంటే దానితో కలిసి ఉన్నవన్నీ పెరుగుతాయి. ఇక గొంతునూ గిటార్‌నూ ముందుకూ వెనక్కూ జరపడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. ఆ రికార్డులో గిటార్ కత్తిలా మీదికి దూసుకువచ్చి, బేస్, డ్రమ్స్ ఎక్కడో గోడ అవతల మోగినట్టు ఉండటానికి కారణం ఇదే. ఎనిమిది పాటల్లో 'సెర్చ్ అండ్ డిస్ట్రాయ్' ఒక్కటే ఇగ్గీ కలిపినట్టుగా మిగిలింది.

ఆల్బమ్ 1973 ఫిబ్రవరిలో విడుదలై, అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 182వ స్థానం దాటలేదు. కొన్నవారు కొద్దిమంది. వారిలో బృందాలు పెట్టినవారు మాత్రం చాలామంది, పంక్ సంగీతానికి దారి వేసిన రికార్డుల్లో దీన్ని ఇప్పుడు ముందు వరుసలో చెబుతారు. ఇలాంటి బృందాల గురించి ఇంగ్లీషులో వాడే 'కల్ట్ బ్యాండ్' అనే మాటకు అసలు అర్థం ఇదే. తెలుగు సినిమా మాటల్లో 'కల్ట్' అంటే జనం విరగబడి చూసినది అనే అర్థం స్థిరపడుతోంది కాబట్టి మీ వ్యాసంలో 'కొద్దిమందే అయినా ప్రాణం పెట్టే అభిమానులున్న బృందం' అని విడమరచి రాయండి.

1997లో ఇగ్గీ ఆ మూల టేపుల దగ్గరికి తిరిగి వెళ్లి, పాటలన్నిటినీ కొత్తగా కలిపాడు. బౌయీ నెమ్మదిగా తగ్గించి ముగించిన చోట్ల ఇగ్గీ తగ్గించలేదు. దాంతో మొదటి ప్రతిలో వినిపించని గిటార్ ముక్కలు, అరుపులు బయటపడ్డాయి. 2010లో కంపెనీ మళ్లీ బౌయీ కలిపినదాన్నే తీసుకుని, దాని ధ్వనిని సరిచూసి విడుదల చేసింది. మొదటిది రీమిక్స్, రెండోది రీమాస్టర్. రెండూ రీఇష్యూలే. ఇప్పుడు 'పునరుద్ధరించిన రా పవర్' అని రాస్తే పాఠకుడు ఏది కొనుక్కోవాలి?

పాత నగ పట్టుకుని కంసాలి దగ్గరికి వెళితే మూడు పనులు చేయించవచ్చు. మెరుగు పెట్టించవచ్చు. రాళ్లు విప్పించి వేరే వరుసలో పొదిగించవచ్చు. కరిగించి మళ్లీ చేయించవచ్చు. రీమాస్టర్ మొదటిది, రీమిక్స్ రెండోది. పాటను మళ్లీ పాడి, మళ్లీ వాయించి రికార్డు చేయడం మూడోది. ఈ లెక్కన నా సూచనలు ఇవి: మిక్స్‌కు 'కూర్పు', రీమిక్స్‌కు 'కొత్త కూర్పు', రీమాస్టర్‌కు 'మెరుగు పెట్టిన ప్రతి', రీఇష్యూకు 'పునర్విడుదల'. చివరిది 'పునర్ముద్రణ' ఒరవడిలోనే ఉంది కాబట్టి ఎవరికీ కొత్తగా తోచదు.

ఒక సభ్యురాలు:

'కూర్పు' అంటే సినిమా పేర్లలో ఎడిటింగ్ కదండీ? పాత పుస్తకాల మీద 'రెండవ కూర్పు' అని ముద్రణకు కూడా వేసేవారు. మూడో అర్థం మోపితే ఆ మాట నిలుస్తుందా?

జవాబు:

నిలుస్తుందనే నా నమ్మకం. విడివిడిగా ఉన్నవాటిని ఒక వరుసలో, ఒక పొందికలో చేర్చడమే కూర్చడం. ముక్కలు దృశ్యాలైతే సినిమా కూర్పు, అక్షరాలైతే అచ్చు కూర్పు, ట్రాకులైతే పాట కూర్పు. పక్కన 'బౌయీ కూర్పు', 'ఇగ్గీ కూర్పు' అని పేరు చేర్చి రాస్తే సందేహానికి తావుండదు. పైగా ఆ పని ఎవరిదో చెప్పడం ఇక్కడ చాలా ముఖ్యం. రా పవర్ చర్చంతా ఎవరి చెవితో వింటున్నాం అన్నదాని మీదే నడిచింది. 1997 కూర్పు వచ్చాక విలియమ్సన్, రాన్ ఆషెటన్ ఇద్దరూ బౌయీ కూర్పు వైపే మొగ్గారు. అంటే ఆ బృందంలోనే ఏకాభిప్రాయం లేదు.

ఇంకొక సభ్యుడు:

ఇంత శ్రమ ఎందుకు? రీమిక్స్, రీమాస్టర్ అని తెలుగు లిపిలో రాసేస్తే పోదా? అందరికీ తెలిసిన మాటలే.

జవాబు:

రీమాస్టర్‌ను ఉంచుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. రీమిక్స్‌తోనే చిక్కు. తెలుగు సినిమాల్లో రీమిక్స్ అంటే పాత పాటను కొత్త గాయకులతో, కొత్త తాళంతో మళ్లీ చేయడం. మన పాఠకుడికి ఆ మాట వినగానే తోచేది అదే. '1997లో ఇగ్గీ రా పవర్‌ను రీమిక్స్ చేశాడు' అని రాస్తే ఇగ్గీ మళ్లీ పాడాడని అనుకుంటారు. అతను కొత్తగా ఒక్క మాట కూడా పాడలేదు. 1972లో పాడిందే, వాయించిందే. మారింది పాళ్లు మాత్రమే. 'రీరికార్డింగ్' సంగతీ అంతే. మన దగ్గర అది నేపథ్య సంగీతానికి పేరైపోయింది. ఇంగ్లీషు వ్యాసంలో ఆ మాట కనిపిస్తే నేరుగా దించుకోవద్దు. 'మళ్లీ రికార్డు చేశారు' అని విడదీసి రాయడమే మేలు.

అరువు మాటల మీద నాకు కోపం లేదు. వచ్చిన మాట మన దగ్గర వేరే అర్థంతో కాపురం పెట్టాక, దాన్ని పాత అర్థంతో మళ్లీ పిలిస్తే పలకదు. అదొక్కటే ఇబ్బంది.

మొదటి సభ్యురాలు మళ్లీ:

నా అసలు అభ్యంతరం 'మెరుగు' మీద. మెరుగు అంటే ముందుకంటే బాగవడం. రీమాస్టర్లన్నీ బాగుంటాయా? నా దగ్గరున్న కొన్ని పాత ఆల్బమ్‌ల కొత్త సీడీలు వింటే పది నిమిషాల్లో తలనొప్పి వస్తుంది.

జవాబు:

ఈ చర్చలో అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇదే. మీ తలనొప్పికి కారణం చెప్పి మాట దగ్గరికి వస్తాను.

సీడీలో ధ్వని సెకనుకు 44,100 అంకెలుగా ఉంటుంది. ఒక్కో అంకె 16 బిట్లు, అంటే దాని గరిష్ఠ విలువ 32,767. దానికి మించి రాయడానికి చోటు లేదు. 1990ల నుంచి కంపెనీలు పక్కవాడి సీడీ కంటే తమది గట్టిగా వినిపించాలని పోటీపడ్డాయి. పైకప్పు పెరగదు కాబట్టి, మెల్లని చోట్లను పైకి లేపి, ఎత్తైన చోట్లను నొక్కడం మొదలుపెట్టారు. అలా చేసిన పాటను కంప్యూటర్‌లో తెరిచి ఒక డ్రమ్ దెబ్బ మీదికి బాగా దగ్గరగా వెళ్లి చూడండి. కొండ కొసలా ఉండాల్సిన గీత పైన చదునుగా కోసేసినట్టు ఉంటుంది. వరుసగా కొన్ని అంకెలు ఒకే గరిష్ఠ విలువ దగ్గర ఇరుక్కుపోయి కనిపిస్తాయి. ఆ కోత చెవికి గరగరలా తగులుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. 1997 రా పవర్ సగటు స్థాయి ఆ పైకప్పుకు 4 డెసిబెళ్లే తక్కువ. రాక్ సీడీల్లోనే అంత గట్టివి అరుదు. అది అక్కడ పొరపాటున జరగలేదు, ఇగ్గీ పట్టుబట్టి కోరుకున్నాడు. మిగతా చాలా ఆల్బమ్‌లకు మాత్రం అలా చేయాలని పాడినవారు, వాయించినవారు కోరలేదు. ఇప్పుడు స్ట్రీమింగ్ సేవలు చాలావరకు పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి కాబట్టి, ఆ పోటీకి ఉన్న కాస్త కారణమూ పోయింది.

ఇక మాట. 'మెరుగుపడింది' వేరు, 'మెరుగు పెట్టారు' వేరు. మొదటిది ఫలితం, రెండోది పని. నగకు మెరుగు పెట్టిన ప్రతిసారీ కాస్త బంగారం అరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. అరుగుదల కూడా ఆ మాటలోనే ఉంది. కాబట్టి 'మెరుగుపరిచిన ప్రతి' అని ఎప్పుడూ రాయవద్దు, అది కంపెనీ ప్రకటనలా ఉంటుంది. 'మెరుగు పెట్టిన ప్రతి' అంటే పని జరిగిందని మాత్రమే తెలుస్తుంది. బాగుందో లేదో విన్నవారు చెబుతారు.

వేరొక సభ్యుడు:

మన తాళపత్ర పరిష్కర్తల మాటలు ఇంత చక్కగా అమరుతుంటే కంసాలి దాకా ఎందుకు వెళ్లారు? మూల టేపు మాతృక, రీమిక్స్ పాఠాంతరం, రీమాస్టర్ పరిష్కరణ. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి తరం వాడిన మాటలే కదా.

జవాబు:

'మాతృక' నాకు పూర్తిగా ఇష్టం. మూల టేపుకు దానికి మించిన మాట లేదు. 'పరిష్కరణ' దగ్గర వెనకాడతాను. నేటి పాఠకుడికి పరిష్కారమంటే సమస్యకు జవాబు. 'పరిష్కరించిన ఆల్బమ్' అంటే ఏ కోర్టు వివాదమో తేలిందనుకుంటాడు. 'పాఠాంతరం' మాత్రం ఒక చోట చక్కగా పనికివస్తుంది: రెండు కూర్పులను పక్కపక్కనే అచ్చువేసినప్పుడు. ద రీప్లేస్‌మెంట్స్ బృందం 1985 ఆల్బమ్ 'టిమ్'ను 2023లో కొన్ని డిస్కుల పెట్టెగా తెచ్చారు. అందులో ఎడ్ స్టేసియం చేసిన కొత్త కూర్పు ఒక డిస్క్, టామీ ఎర్డెలీ నిర్మించిన 1985 ఆల్బమ్‌కు మెరుగు పెట్టిన ప్రతి ఇంకొక డిస్క్. వినేవారు సరిపోల్చుకోవచ్చు. పాత కూర్పును దాచకుండా కొత్తదాన్ని ఇవ్వడమే మంచి పరిష్కర్త పద్ధతి, ఇక్కడ మీ మాటకు నేను తలవంచుతాను.

తప్పొప్పుల పట్టిక కావలసిన పునర్విడుదలలు కూడా ఉన్నాయి. మై బ్లడీ వాలెంటైన్ బృందం 'లవ్‌లెస్' ఆల్బమ్‌ను 2012లో రెండు సీడీలుగా తెచ్చినప్పుడు, వేర్వేరు మాతృకల నుంచి చేసిన ఆ రెండు డిస్కుల మీద పేర్లు తారుమారయ్యాయి. ఏది వింటున్నామో తెలియకుండానే శ్రోతలు ఏది మేలో వాదించుకున్నారు.

ఇంకొక సభ్యుడు:

గ్రామఫోన్ రికార్డులకు 180 గ్రాముల ఎల్పీ అని అట్ట మీద గొప్పగా రాస్తారు. దానికి ఏమైనా మాట కావాలా?

జవాబు:

'బరువు రికార్డు' అంటే చాలు. ఆ అంకె ప్లాస్టిక్ బరువును చెబుతుంది, ఏ మాతృక నుంచి గాడి కోశారో చెప్పదు. అట్ట మీది మాటలను జాగ్రత్తగా చదవాలి. 'అసలు మాస్టర్ రికార్డింగ్' అని ముద్రించి అమ్మే మొబైల్ ఫిడెలిటీ సంస్థ, మూల టేపుకూ రికార్డుకూ మధ్యలో ఒక డిజిటల్ మెట్టు వాడుతోందని 2022లో బయటపడి, వ్యవహారం అమెరికా కోర్టు దాకా వెళ్లింది. ధ్వని బాగాలేదని ఎవరూ గట్టిగా అనలేదు. కొన్నవారి బాధంతా చెప్పకపోవడం గురించే.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఒక వాక్యం రాసి చూశాను: "2010 పునర్విడుదలలో, 1997 నాటి ఇగ్గీ కూర్పును పక్కనబెట్టి, మొదటి బౌయీ కూర్పుకే మెరుగు పెట్టి ఇచ్చారు." సరిపోతుందా?

జవాబు:

బాగుంది. 'ఇచ్చారు' దగ్గర కర్త లేడు, అదొక్కటే లోటు. మెరుగు పెట్టిన ఇంజినీరు పేరు లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూసి వాక్యంలో చేర్చండి.