"దొరకు జంప... దొరకు డిస్కు": ఉన్ననా, ఊడనా?

పాతపెట్టె: ఐడీఈ డ్రైవుల (ఒకే తీగకి రెండు డిస్కులు తగిలించే పాత తరహా) రోజుల్లో ఎవరో కట్టిన ఆటవెలది ఒకటి పొద్దుట్నుంచీ నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు.
ఒక్క తీగ మీద నొప్పరిద్దరు దొరల్
దొరకు జంప... దొరకు డిస్కు
ఆ ఖాళీలో "జంపరున్న"నా, "జంపరూడ"నా (జంపర్ అంటే డిస్కు వెనక పిన్నుల మీద తొడిగే చిన్న ముక్క)? ఎదురుగా పాత డబ్బా విప్పి పెట్టుకున్నాను, బయాస్ (పెట్టె ఆన్ చేయగానే డిస్కుల్ని వెతికే ప్రోగ్రాం) ఏ డిస్కూ లేదంటోంది, కాబట్టి ఇది సరదాకి అడిగింది మాత్రమే కాదు. మిగతా రెండు పాదాలు పార్టిషన్ల (డిస్కుని విడగొట్టిన భాగాల) గురించని లీలగా గుర్తు.

గణవిభజన: నిస్సందేహంగా "జంపరున్న". యమకం (ఒకే మాట వేరే అర్థంతో మళ్ళీ రావడం) చూడండి, మొదటి "దొరకు" చతుర్థి విభక్తి, రెండోది క్రియ. ఎంత హాయిగా పడిందో!

అరసున్న: "కున్" షష్ఠి అండీ. కొఱకున్, కై చతుర్థి. యమకం మాత్రం బాగుంది, ఒప్పుకుంటా.

తీగమనిషి: ఛందస్సుకి రెండూ సరిపోతాయి (రున్న, రూడ రెండూ గలమే, అంటే గురువు, లఘువు), కాబట్టి అర్థమే తేల్చాలి. సీగేట్ పాత డ్రైవుల్లో 7-8 పిన్నుల మీద జంపర్ ఉంటే మాస్టర్ (పద్యంలో దొర, తీగ మీద మొదటి డిస్కు), తీసేస్తే స్లేవ్ (బంటు, రెండోది). కవి చేతిలో ఉన్నది సీగేట్ అయితే "ఉన్న".

బూడిదకొస: కవి చేతిలో ఏముందో మీకెలా తెలుసు? వెస్టర్న్ డిజిటల్ వాటిల్లో 5-6 మీద జంపర్ పెడితే "పక్కన బంటు ఉన్న దొర" అని అర్థం. ఒంటరిగా ఉన్న డిస్కుకి జంపర్ పూర్తిగా తీసేయాలి, లేకపోతే రాని స్లేవ్ కోసం ఎదురుచూస్తూ బయాస్‌కి కనపడకుండా కూర్చోవచ్చు. పై పాదం ఇద్దరు దొరలు ఒప్పరంటోంది, అంటే ఇక్కడున్నది ఒంటరి దొర. "ఊడ" అంటేనే "దొరకు డిస్కు" పొసుగుతుంది.

గణవిభజన: ఇద్దరు దొరలు కూడదన్నాడు గానీ బంటు వద్దన్నాడా?

బూడిదకొస: అసలు "తీగ" మీద ఎవరూ ఆగలేదు. అది 80 తీగల కేబుల్. నీలం కొస మదర్‌బోర్డుకి, నల్ల కొస దొరకి, నడుమ బూడిద రంగుది బంటుకి. కేబుల్ సెలెక్ట్‌లో పెడితే పదవులు పంచేది తీగే, జంపర్ కాదు. పద్యం మొత్తం దాని గురించే అని నా నమ్మకం.

అరసున్న: ఆ నమ్మకం అలా ఉంచండి, "ఒక్క"కి "నొప్ప" యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) చెల్లిందా?

గణవిభజన: చెల్లకేం! "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు"లో ఉ-కి ఒ చెల్లలేదూ? ద్రుతం నకారాన్ని పక్కనపెట్టి అచ్చునే చూడాలి. ఆ మాటకొస్తే ఆటవెలదిలో వేమన చేయనిది ఏముంది? బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ఆ పద్యాలు నోటినోటికీ మారి ఎన్ని పాఠాంతరాలో. జనం నోట పడ్డ పద్యంలో ఒక అక్షరం అటూఇటూ అవ్వడం వింతేమీ కాదు.

తీగమనిషి: ఇంకాసేపుంటే జంపర్‌ని కూడా ఆయన ఖాతాలో వేసేస్తారు. మిగతా సగం నాకు వచ్చు, ఇదిగో:
నాల్గు పాళ్ళు దాటి నడవదయా లెక్క
ఐదు వలసెనేని యరలు చేయి
ఎంబీఆర్ (డిస్కు మొదట్లో ఉండే రికార్డు) పార్టిషన్ల పట్టికకి ఉన్నది 64 బైట్లు, ఒక్కో పాలుకి 16. కాబట్టి ప్రైమరీలు (ఆ పట్టికలో నేరుగా ఉండే పార్టిషన్లు) నాలుగు దాటవు. ఐదోది కావాలంటే ఆ నాలుగింట్లో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి అందులో లాజికల్ డ్రైవులు పెట్టుకోవాలి, అవే "అరలు".

బూడిదకొస: "లెక్క" అంటే చిరునామాల లెక్క కూడా కావచ్చు. పాత బయాస్‌లది 28 బిట్ల లెక్క, 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. విండోస్ ఎక్స్‌పీ కూడా సర్వీస్ ప్యాక్ 1 లేకుండా అది దాటి చూడలేదు.

తీగమనిషి: మరి "నాల్గు" ఎక్కడికి పోయింది? 137లో నాల్గు ఎక్కడుంది?

పాతపెట్టె: అందరికీ థాంక్స్. డిస్కు మీది చీటీ సగం చిరిగిపోయింది, కంపెనీ పేరూ లేదు, జంపర్ బొమ్మా లేదు. ఉన్ననా ఊడనా ఇంకా చెప్పలేదు మీరు.

అరసున్న: రెండూ పెట్టి చూడండి, కరెంటు తీసేసి. నా బాధ వేరే. గది అనే అర్థంలో అది "అఱ", శకటరేఫం (బండి ఱ). "అర" అంటే సగం.

గణవిభజన: సగాలు చేయమన్నా తప్పేముంది, ఎక్స్‌టెండెడ్‌ని రెండుగా చేస్తే సగాలేగా?

అరసున్న: మూడు చేస్తేనో?