సియాచిన్‌కి మనంతట మనమే పేరు ఇవ్వాలా?

పలాస_ఫౌజీ:
పటాలం వంతు వస్తే అందరూ ఎక్కాల్సిందే, అందులో చర్చ లేదు. నర్సింగ్ అసిస్టెంట్, సిగ్నల్స్ ట్రేడుల వాళ్ల సంగతేంటి? ఆరేళ్ల సర్వీసుకే, ప్రమోషన్ కేడర్ (పై ర్యాంకుకి అర్హత ఇచ్చే కోర్సు) చేయకముందే వాలంటీర్‌గా పేరు ఇవ్వొచ్చా? ఇవ్వాలనే నేనంటాను. జవాన్లకి సియాచిన్ అలవెన్స్ 2017లోనే నెలకి 14,000 నుంచి 30,000 అయింది. పైపోస్టు మీద ఉండేది మామూలుగా మూడు నెలలు. వయసులో ఉన్నప్పుడే ఒళ్లు ఆ ఎత్తుకి తట్టుకుంటుంది.

గోదారి_హవల్దార్:
తమ్ముడూ, కేడర్ ముందు, సియాచిన్ తర్వాత. ఫ్రాస్ట్‌బైట్‌తో, అంటే చలికి గడ్డకట్టి, వేళ్లు పోతే షేప్-1, అంటే పూర్తి ఫిట్ అనే మెడికల్ కేటగిరీ, పోతుంది. అక్కడి నుంచి ప్రమోషన్‌కీ, సర్వీసు పొడిగింపుకీ మెడికల్ బోర్డు చుట్టూ తిరగాలి. అలవెన్స్ కిందికి దిగితే ఆగిపోతుంది, దాన్ని నమ్ముకుని ఇంటి లోను తీసుకోకండి. ఇంకో మాట, ఎంత ఒళ్లున్నా మంచుచరియ ముందు లెక్కలోకి రాదు. 2016 ఫిబ్రవరి 3న అక్కడి సోనమ్ పోస్టులో మంచుచరియ పడి మద్రాస్ రెజిమెంట్ బృందంలోని 10 మంది పోయారు, అందులో మన కర్నూలు జిల్లా సిపాయి కూడా ఉన్నాడు.

తెల్లకోటు:
వయసులో ఉంటే తట్టుకుంటారన్నది తప్పు, పలాస గారూ. హేపో, అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, కుర్రాళ్లకీ వస్తుంది. పరుగులో ఫస్టు వచ్చేవాడు తొందరపడి ఎక్కుతాడు, వాడికే ముప్పు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు ఆగాలి. మొదటి రెండు రోజులూ విశ్రాంతే, తర్వాత మెల్లగా నడక, చివరి రెండు రోజులే చిన్న ఎక్కుడు. 15,000 దాకా ఇంకో నాలుగు రోజులు, ఆ పైన మరో నాలుగు. సెలవు మీద ఊరికొచ్చి నాలుగు వారాలు దాటితే మళ్లీ మొదటి నుంచే.

అసలు చిక్కు తలనొప్పి దాచడం. కిందికి పంపేస్తారని చెప్పరు. కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, తర్వాత నురగ వచ్చాయంటే ఆక్సిజన్ పెట్టి వెంటనే దించాలి. హెలికాప్టర్‌కి వాతావరణం కుదరకపోతే లోపల గాలి ఒత్తిడి పెంచే హేపో బ్యాగులో పడుకోబెట్టి తొక్కుడు పంపుతో గాలి కొడుతూ ఉండాలి. అందుకే అక్కడ నర్సింగ్ అసిస్టెంట్ ఉండటం ఎంత అవసరమో చెప్పలేను. కానీ అతనే ఆయాసం దాస్తే పోస్టు మొత్తానికి దిక్కెవరు?

పలాస_ఫౌజీ:
వయసు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫ్రాస్ట్‌బైట్ మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంది కదా అన్నా?

గోదారి_హవల్దార్:
చాలావరకు, ఒప్పుకుంటా. మేజోడు చెమటకి తడిస్తే ఆ పూటే మార్చాలి. తడిసినదాన్ని స్లీపింగ్ బ్యాగులో పొట్టకి ఆనించుకుని ఆరబెట్టాలి. మేజోళ్ల మీద మేజోళ్లు తొడిగి బూటు బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ముందే మొద్దుబారతాయి. ఉత్త చేత్తో ఇనుము ముట్టుకోకూడదు. వేలు తెల్లబడి స్పర్శ పోతే రుద్దొద్దు, స్టౌ దగ్గర పెట్టొద్దు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచాలి. మళ్లీ గడ్డకట్టే దారిలో నడవాల్సి ఉంటే అదీ చేయకూడదు.

తెల్లకోటు:
ఆ నీళ్లకి మంచు కరిగించేది కిరోసిన్ స్టౌ మీదే. చలని గుడిసె వెంటిలేటర్‌కి గుడ్డలు కుక్కుతారు, కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోతుంది. పేరు ఇచ్చేవాళ్లు కేడర్ తేదీతో పాటు ఇవన్నీ ముందే మనసులో పెట్టుకోండి. కేడర్ రెండేళ్ల దూరంలో ఉంటే మాత్రం ఆగమని నేను అనను.

గోదారి_హవల్దార్:
రెండేళ్లయినా నేను ఆగమనే అంటాను.