ఇంగ్లీష్ పేరాలకి ఫొనెటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ (పలికే శబ్దాలను గుర్తులతోని రాసుడు) ప్రాక్టీస్ ఎట్ల చేయాలె?

అందరికి నమస్తే, మాది నల్లగొండ దగ్గర పల్లె, ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్న. బ్రిటిష్ ఉచ్చారణల 44 శబ్దాలు, 20 అచ్చులు 24 హల్లులు, గుర్తులన్నీ వచ్చినయి, ఒక్కో పదం మంచిగనే రాస్త గని పేరా ఇస్తే ఆగమైతున్న. నిన్న రాత్రి 'ఎ కప్ ఆఫ్ టీ' రాసిన, 'ఆఫ్'కి నిండు అచ్చు, చివర ఫ పెట్టిన, తీరా ఆడియో వింటే అక్కడ ఉత్త ష్వా, అదే నొక్కకుంట తేలికగ పలికే అచ్చు, తలకిందులు చేసిన ఇంగ్లీష్ 'e' అక్షరం దాని గుర్తు, దాని వెనక వ శబ్దం. మన తెలుగుల ప్రతి అచ్చు నిండుగ పలుకుతం గదా, అందుకే ఈ వీక్ ఫార్ములు (వాక్యంల చిన్న పదాలు తేలికగ పలికే రూపాలు) చెవికి దొరుకుతలేవు అనుకుంట.

బస్సు టికెట్టు, కిరాణం షాపు అసొంటి మామూలు మాటల పేరాలు జవాబులతోని ఎక్కడ దొరుకుతయి? ముందు విని రాయాల్నా, రాసినంక విని దిద్దుకోవాల్నా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి, నాకు ఇది నిజంగ నేర్చుకోవాలని ఉంది.