స్ట్రెయిన్‌ని ‘వికృతి’ అంటే నవ్వుతారా?

అడిగినవారు:
లోడ్ సెల్ (బరువుని, బలాన్ని కొలిచే సెన్సర్) మాన్యువల్ ఒకటి తెలుగు చేస్తున్నానండీ. ఒకే పేరాలో స్ట్రెస్, స్ట్రెయిన్, ప్రెషర్ మూడూ వచ్చిపడ్డాయి. మూడింటికీ చేతికి తగులుతున్న మాట ‘ఒత్తిడి’ ఒక్కటే. పాఠ్యపుస్తకాల్లో స్ట్రెయిన్‌కి వికృతి అని ఉంది. ‘ఈ సెన్సర్ ఉక్కు వికృతిని కొలుస్తుంది’ అని రాస్తే చదివేవాళ్ళు నవ్వరూ? హాయిగా ‘సాగుడు’ అనేస్తే ఏం పోయింది?

జవాబు:
వికృతి అనగానే వికారం గుర్తొస్తుంది గానీ, మన వ్యాకరణంలో ఆ మాటకు ఏ మచ్చా లేదు. ఆకాశం ప్రకృతి, ఆకసం వికృతి. అసలు రూపం నుంచి మారిన రూపం, అంతే. బరువు పడ్డ ఉక్కుకి జరిగేదీ అదే. అరవై సంవత్సరాల పేర్లలోనూ ఒకటి వికృతి. ఆ ఏడాది పుట్టినవాళ్ళెవరూ పేరు మార్చమని గొడవ చేయలేదు.

ఒత్తిడి మాత్రం దయచేసి వద్దు. ప్రెషర్‌కి పీడనం ఉంది. స్ట్రెస్‌కి ప్రతిబలం ఉంది: బయటి బలానికి ఎదురుగా పదార్థం లోపల పుట్టే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. వికృతి వేరే సంగతి. పొడవులో వచ్చిన మార్పుని అసలు పొడవుతో భాగిస్తాం. పొడవుని పొడవుతోనే భాగించాం కాబట్టి దానికి ప్రమాణం ఉండదు. మీటరు కడ్డీ మిల్లీమీటరు సాగితే వికృతి 0.001. పనిచేసేవాళ్ళు దాన్నే 1000 మైక్రోస్ట్రెయిన్ అంటారు.

లోడ్ సెల్ మాన్యువల్‌లో ఈ తేడా పోతే మొత్తం పోయినట్టే. ఎందుకంటే లోడ్ సెల్ బలాన్ని చూడదు. బలానికి లోహం ఎంత మారిందో చూసి, బలం ఎంతో లెక్కగడుతుంది. ఆ మార్పుని పట్టేది లోహానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్. దాన్ని దగ్గరగా చూడండి. పల్చటి ప్లాస్టిక్ పొర మీద వెంట్రుకలాంటి లోహపు గీత, ఎక్కువగా రాగి-నికెల్ మిశ్రమం కాన్‌స్టాంటన్‌ది, ఒకే దిశలో అటూ ఇటూ మడతలు పడి ఉంటుంది. పొడవంతా కొలవాల్సిన దిశలోకి రావాలని అలా మడతలు పెడతారు. మలుపుల దగ్గర గీతని కావాలనే వెడల్పు చేస్తారు, అడ్డంగా వచ్చే సాగు లెక్కని పాడుచేయకుండా. దీన్ని ఉక్కుకి జిగురుతో అంటిస్తారు. ఉక్కు సాగితే గీతా సాగి సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది. ఎంత? గేజ్ ఫ్యాక్టర్ (వికృతికి ఎన్ని రెట్ల వంతున నిరోధం మారుతుందో చెప్పే అంకె) సుమారు 2. అంటే 350 ఓమ్‌ల గేజ్ 1000 మైక్రోస్ట్రెయిన్ దగ్గర పెరిగేది 0.7 ఓమ్ మాత్రమే. జిగురు సరిగ్గా పట్టకపోతే ఉక్కు ఒకటి చెబుతుంది, గేజ్ ఇంకోటి చెబుతుంది.

అడిగినవారు:
ఒత్తిడి కొట్టేశాను. కానీ మీరే ‘సాగితే’ అని పదిసార్లు రాశారు కదండీ! మరి సాగుడుకి అభ్యంతరమేమిటి?

జవాబు:
సగం గేజ్‌లు సాగవు కాబట్టి. ఒక చివర బిగించిన కడ్డీకి రెండో చివర బరువు వేలాడదీస్తే పైభాగం సాగుతుంది, కిందిభాగం కుదించుకుపోతుంది. పైన రెండు, కింద రెండు గేజ్‌లు అంటించి, నాలుగింటినీ వీట్‌స్టోన్ బ్రిడ్జిగా, అంటే నాలుగు భుజాల్లో నాలుగు నిరోధాలున్న చతురస్రపు సర్క్యూట్‌గా కలుపుతారు. పైవాటి నిరోధం పెరుగుతుంది, కిందివాటిది తగ్గుతుంది. వాటిని పక్కపక్క భుజాల్లో పెడితే రెండు మార్పులూ ఒకదానికొకటి తోడై సిగ్నల్ పెద్దదవుతుంది. వేడెక్కితే నాలుగూ ఒకేలా మారతాయి కాబట్టి బ్రిడ్జి తూకం చెదరదు. ఇంత చేసినా వచ్చే సిగ్నల్ చిన్నదే. 2 మిల్లీవోల్ట్/వోల్ట్ అని రాసి ఉన్న లోడ్ సెల్‌కి 10 వోల్టులు ఇస్తే, పూర్తి బరువు దగ్గర 20 మిల్లీవోల్టులు.

ఇప్పుడు ‘కింది గేజ్‌లో ఋణ సాగుడు’ అని రాసి చూడండి, ఎవరు నవ్వుతారో. వికృతికి ఆ చిక్కు లేదు, సాగినా వికృతే, కుదించుకున్నా వికృతే.

ఇంకొకరు:
తీగని లాగితే నిరోధం మారుతుందని 1856లోనే కెల్విన్ చెప్పారు. కానీ అంటించే గేజ్‌ రావడానికి 1938 దాకా పట్టింది. అమెరికాలో సిమన్స్, రూజ్ ఎవరికి వారే కనిపెట్టారు. మాట విషయానికొస్తే, మిషన్ దగ్గర నిలబడ్డవాడెవడూ వికృతి అనడు, నేనూ అనను. నిర్వచనంలో ఒకసారి వికృతి అని రాసి, తర్వాత అంతా స్ట్రెయిన్ గేజ్ అనే ఉంచండి. ‘వికృతిమాపకం’ జోలికి మాత్రం పోవద్దు.

అడిగినవారు:
అలాగేనండీ. ఇంకో పేజీలో పొజిషన్, డిస్‌ప్లేస్‌మెంట్ రెండూ ఉన్నాయి. రెండింటికీ ‘స్థానం’ చాలదా?

జవాబు:
చాలదు. ఎక్కడుందో చెప్పేది స్థానం, ఎక్కడినుంచి ఎంత, ఎటు జరిగిందో చెప్పేది స్థానభ్రంశం. ఎల్‌వీడీటీ అనే సెన్సర్ కొలిచేది రెండోదే. మధ్య చుట్టకి ఏసీ ఇస్తారు. ఇరుపక్కలా ఉన్న చుట్టల్ని ఎదురెదురుగా కలుపుతారు. లోపలి కోర్ నడిమధ్య ఉంటే రెండు వోల్టేజీలూ చెల్లిపోయి సున్నా వస్తుంది. ఎటు జరిగితే అటుదాని వోల్టేజీ పైచేయి అవుతుంది.

ఎన్‌కోడర్ల (కదలికని డిజిటల్ సిగ్నల్‌గా మార్చే సెన్సర్ల) దగ్గరైతే తేడా ఇంకా ముదురుతుంది. అబ్సల్యూట్ ఎన్‌కోడర్ ప్రతి స్థానానికీ ఒక కోడ్ ఇస్తుంది. ఇంక్రిమెంటల్‌ది పల్స్‌లు మాత్రమే, లెక్క కంట్రోలర్‌ది. కరెంటు పోతే ఆ లెక్కా పోతుంది. మళ్ళీ రిఫరెన్స్ గుర్తు దాకా నడిపించి హోమింగ్ చేయాలి. అక్కడ ‘సెన్సర్ స్థానాన్ని చెబుతుంది’ అని రాస్తే తప్పవుతుంది, ‘కదలికను చెబుతుంది’ అని రాయండి.

అడిగినవారు:
మార్చాను. హోమింగ్‌ని హోమింగ్‌గానే వదిలేశాను, దానికి తెలుగు వెతికే ఓపిక ఇవాళ్టికి లేదు.