కుండకి కుమ్మరి సరే, కొండకి?

తర్కశాస్త్రంలో తొలిపాఠాల పుస్తకం తర్కసంగ్రహం సొంతంగా చదువుకుంటున్నాను, సంస్కృతం అంతంతమాత్రం. దాని రచయిత అన్నంభట్టు తానే రాసిన వ్యాఖ్య దీపికలో ఒకచోట ఆగిపోయాను. భూమి, మొలక కార్యాలు (అంటే ఒక కారణం వల్ల పుట్టినవి), కాబట్టి వాటికీ కర్త ఉండాలి, కుండకి లాగా, ఆ కర్తే ఈశ్వరుడు అంటాడు. మా వెనక వీధిలో కుమ్మరాయన మట్టి తొక్కడం, సారె తిప్పడం, తడి వేళ్ళతో అంచు తీయడం రోజూ చూస్తాను. ఒళ్ళు లేకుండా అవేవీ జరగవు. ఈశ్వరుడికి శరీరం లేదంటారు. ఆ ఉదాహరణే ఎదురుతిరగదా?

జవాబు 1:
పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు. దీపికలోనే ఇంకొంచెం కింద చూడండి. కర్తకి కావలసినవి మూడే: ముడిసరుకు గురించి ప్రత్యక్ష జ్ఞానం, చెయ్యాలన్న కోరిక, ప్రయత్నం. శరీరం ఆ లెక్కలో లేదు. మీ ఆత్మ మీ చేతిని కదిపేటప్పుడు ఇంకో చేతిని వాడుకోవడం లేదు కదా, అని నైయాయికుల (ఈ తర్కశాస్త్రం వాళ్ళ) వాదన.

జవాబు 2:
అన్నా, ఆ ఆత్మ కూడా శరీరంలో ఉండే కదపుతోంది! ఒళ్ళులేని కర్తని ఎవరూ చూడలేదు. పోనీ ఒప్పుకున్నా, ఒక్కడే అని ఎలా తేలింది? కొండలు, సముద్రాలు ఒకేసారి ఒక్కడే చేశాడనడానికి ఆధారమేంటని బ్రహ్మసూత్రాలకి రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో రామానుజులే నిలదీశారు. అంత భక్తుడు! ఈశ్వరుణ్ణి శాస్త్రం (వేదం) చెప్పాలి తప్ప అనుమానం (గుర్తుల్ని బట్టి తేల్చే తర్కం) నిరూపించలేదన్నది ఆయన పక్షం.

ప్రశ్న అడిగినవారు:
రామానుజులు అటువైపు ఉంటారనుకోలేదండీ. శ్రీభాష్యంలో అది ఏ సూత్రం దగ్గర?

జవాబు 2:
మూడో సూత్రం, శాస్త్రయోనిత్వాత్, అంటే బ్రహ్మాన్ని తెలిపేది శాస్త్రమే కాబట్టి అని. నైయాయికుల పక్షం ముందు పూర్తిగా చెప్పి, తర్వాత ఖండిస్తారు. ఓపిగ్గా చదవండి.