నడుముకి పిస్టల్ పెట్టుకుంటే గుచ్చుకుంటోంది, ఏ హోల్‌స్టర్ మంచిది?

అడిగినవారు: హ్యూస్టన్, కొత్తగా వచ్చినవాణ్ణి

అందరికీ నమస్కారం. అక్క పెట్టిన పిటిషన్ మీద గ్రీన్‌కార్డు వచ్చి, హ్యూస్టన్‌లో దిగి ఏడు నెలలైంది. బావగారి గ్యాస్ స్టేషన్‌లో పని చేస్తున్నాను. రాత్రి పన్నెండుకి మూసి, డబ్బు లెక్కపెట్టి, ఒక్కణ్ణే కారు దాకా నడవాలి. రెండు నెలల కిందట మా వీధి చివర షాపులో దొంగలు పడ్డారు. అప్పటి నుంచి ఇంట్లో టెన్షన్. బావగారు దగ్గరుండి గ్లాక్ 19 పిస్టల్ కొనిపించారు, రేంజ్‌లో కాల్చడం నేర్పించారు. దాన్ని ఒంటి మీద ఎలా పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో 15 డాలర్లకి మెత్తటి బట్ట హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే తొడుగు) కొన్నాను. పాంటు లోపల, కుడి తుంటికి కాస్త వెనక పెట్టుకుంటున్నాను. స్టూలు మీద కూర్చుంటే ఎముకకి గుచ్చుకుంటోంది. కింది అరలో నీళ్ళ కేసులు సర్దడానికి వంగితే చొక్కా పైకి లేచి పిడి కనిపిస్తోంది. మొన్న ఒక ముసలాయన చూసి నవ్వాడు. పరువు పోయినట్టయింది. వారం నుంచి తీసేసి కౌంటర్ కింద సొరుగులో పడేస్తున్నాను.

ఇంకో మాట. మా బాబాయి కొడుకు ఎఫ్-1 మీద చదువుకుంటూ మాతోనే ఉంటున్నాడు. వాడూ రేంజ్‌కి వస్తానంటున్నాడు. తీసుకెళ్ళొచ్చా?

జవాబు: కేటీ నుంచి, పాత కాపు

తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగిందే ముందు. తీసుకెళ్ళొద్దు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి గానీ అవి లాయర్ని అడిగి తెలుసుకోవాల్సినవి, నన్ను కాదు. చేతిలో పట్టుకుని ఫోటో దిగినా అది సాక్ష్యమే. 2022లో ఆ నేరానికి గరిష్ఠ శిక్షని 15 ఏళ్ళకి పెంచారు. ఇంట్లో కూడా నీ పిస్టల్ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి, ఆ కోడ్ మీ వాడికి తెలియకూడదు. నీకు గ్రీన్‌కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. తుపాకికి సంబంధించిన నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణి కూడా వెనక్కి పంపించొచ్చు.

ఇక సొరుగు. ఈ రాత్రి నుంచే మానెయ్. ఇబ్బందిగా ఉన్న హోల్‌స్టర్ తెచ్చే అసలు ప్రమాదం ఇదే. మనిషి విసిగి దాన్ని తీసి ఎక్కడో ఒకచోట పెడతాడు: సొరుగు, కారు సీటు కింద, ఫ్రిజ్ మీద. ఆ చోటు నీకంటే ముందు ఇంకెవరికో దొరుకుతుంది. సుఖంగా ఉండే హోల్‌స్టర్ కావాలనుకోవడం సోకు కాదు, భద్రతే.

నువ్వు హోల్‌స్టర్‌ని తిడుతున్నావు గానీ సగం తప్పు బెల్టుది. తూటాలతో కలిపి గ్లాక్ 19 దాదాపు 850 గ్రాములు. ఇంచుమించు కిలో బియ్యం పొట్లం ఒకే పక్క వేలాడినట్టు. ఆఫీసు బెల్టు ఆ బరువుకి మెలిపడి కిందికి జారుతుంది. పిడి పక్కకి వాలి చొక్కాని తంతుంది. తుపాకి బెల్టు అని విడిగా అమ్ముతారు: ఒకటిన్నర అంగుళం వెడల్పు, లోపల గట్టి పట్టీ. అది కొను. పాంటు కూడా నడుం దగ్గర అంగుళమో రెండో పెద్దది తీసుకో. ఇప్పుడున్న కొలతలోనే పాంటు లోపల ఇంత ఇనుము దోపితే తుంటి ఎముక ఒప్పుకోదు, ఎవరిదైనా.

ఆ బట్ట హోల్‌స్టర్‌ని చెత్తబుట్టలో వెయ్. నేనూ మొదట్లో అలాంటిదే కొన్నాను, ఏ కంపెనీదో ఇక్కడెందుకులే. ఒకరోజు పిస్టల్ బయటికి తీశాక హోల్‌స్టర్ మూతి ముడుచుకుపోయింది. తిరిగి పెట్టడానికి ఎడమ చేత్తో మూతి తెరవబోయాను, నా వేళ్ళు గొట్టం ముందుకే వచ్చాయి. అదృష్టం, ఖాళీ పిస్టల్. ఇంకోరోజు చూస్తే బనీను చివర ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుని ఉంది. గ్లాక్‌కి బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ మీద ఉండేదే. వేలు లాగినా బట్ట లాగినా దానికి ఒకటే. అందుకని హోల్‌స్టర్ ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీని పూర్తిగా, గట్టిగా కప్పాలి. పిస్టల్ తీసేశాక కూడా మూతి తెరుచుకునే ఉండాలి. తలకిందులు చేసి కాస్త ఊపినా జారిపోకూడదు (ఈ పరీక్ష ఖాళీ పిస్టల్‌తో, పరుపు మీద చెయ్). కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో సరిగ్గా గ్లాక్ 19కే పోతపోసినట్టు చేసినవి దొరుకుతాయి. తోలువి ఒంటికి మెత్తగా ఉంటాయి గానీ హ్యూస్టన్ చెమట తాగి తాగి కొన్నాళ్ళకి సాగుతాయి. పిస్టల్‌కి లైటు బిగిస్తే హోల్‌స్టర్ కూడా మారాలి, మర్చిపోకు.

ఎక్కడ పెట్టుకోవాలన్నది గడియారం లెక్కలో చెప్తారు. బొడ్డు 12, కుడి తుంటి 3, వెన్నెముక 6. నువ్వు పెట్టుకుంటున్నది 4. నిలబడే మనిషికి అది హాయిగానే ఉంటుంది, వంగే మనిషికి పనికిరాదు. బయటపడేది గొట్టం కాదు, పిడి. నడుము వంచగానే పిడి వీపు మీద మూపురంలా లేస్తుంది. దీనికి రెండు దారులు. మొదటిది, 3కీ 4కీ మధ్య పెట్టి, పిడి ముందుకి వాలేలా హోల్‌స్టర్ స్క్రూలు తిప్పి బిగించడం. ఆ వాలుతో పిడి వెనక్కి పొడుచుకు రాదు. దానితోపాటు అలవాటు కూడా మారాలి: నడుం వంచకు, గొంతుక్కూర్చో. మన తాతలు పొలం గట్టు మీద కూర్చున్నట్టు. నీళ్ళ కేసులు అలా ఎత్తితే వెన్నుకి కూడా మంచిది.

రెండోది ముందు వైపు, బొడ్డుకి కాస్త కుడిగా, 1 దగ్గర. మా అమ్మమ్మ చిల్లర సంచి బొడ్లో దోపుకునేది, ఇంచుమించు అక్కడే. వంగినా కనపడదు, చెయ్యి తొందరగా అందుతుంది, ఎవరైనా వెనకనుంచి లాక్కోలేరు. ఇబ్బంది కూర్చున్నప్పుడు. పొట్ట ఉన్నవాళ్ళకి పిడి పక్కటెముకల్లోకి, గొట్టం తొడ మొదట్లోకి. అందుకు హోల్‌స్టర్ కింది కొసన స్పాంజి దిమ్మె అంటిస్తారు. అది గొట్టాన్ని బయటికి తోసి పిడిని పొట్ట వైపు వాలుస్తుంది. పక్కన చిన్న ప్లాస్టిక్ కొక్కెం లాంటిది కూడా వస్తుంది. అది బెల్టుకి ఆనుకుని పిడిని ఒంటి వైపు తిప్పుతుంది. ఈ రెండూ ఉంటే పెద్ద పిస్టల్ కూడా చొక్కా కింద మాయమవుతుంది. వింతేమిటంటే, ముందు వైపు పెట్టుకునేవాళ్ళకి మరీ పొట్టి గొట్టం కంటే కాస్త పొడుగున్నదే నిలకడగా ఉంటుంది. బెల్టు కింద బరువుంటే పైభాగం ఊగదు.

కానీ ముందు వైపు పెట్టుకుంటే గొట్టం చూసేది నీ తొడలోని పెద్ద రక్తనాళాన్ని. తిరిగి పెట్టేటప్పుడు చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్ళతో చూసి, నింపాదిగా పెట్టు. తొందరగా తీయాల్సి రావచ్చు గానీ తొందరగా లోపల పెట్టాల్సిన అవసరం ఎవరికీ ఎప్పుడూ రాదు. ఇంకా మంచిది, హోల్‌స్టర్‌లో పెట్టిన పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా పాంటులో దోపుకోవడం.

6 దగ్గర, వెన్ను మీద, ఎన్నడూ వద్దు. షాపులో తడి నేల మీద జారి వెల్లకిలా పడ్డావనుకో, ఆ ఇనుము నేరుగా వెన్నుపూసల కింద ఉంటుంది.

కొన్నాక వెంటనే షాపుకి పెట్టుకెళ్ళకు. తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో వారం రోజులు తిరుగు. కింద బాసింపట్టు వేసి అన్నం తిను, బూట్ల తాళ్ళు కట్టుకో, సోఫాలో వాలి క్రికెట్ చూడు. బాత్రూమ్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. పాంటు దించగానే ఆ బరువుకి బెల్టు పక్కవాడి గది వైపు జారుతుంది. పిస్టల్ తీసి కొక్కేనికి తగిలించావంటే మర్చిపోయి వచ్చేస్తావు, అలా మర్చిపోయినవాళ్ళ కథలు కోకొల్లలు. హోల్‌స్టర్‌లోనే ఉంచి, బెల్టు మోకాళ్ళ దగ్గర బిగించి పట్టుకో.

జవాబు: ఫ్రిస్కో నుంచి, వరంగల్ ఆడపడుచు

అన్న చెప్పింది మగవాళ్ళ నడుముకి. మీ ఆవిడ కూడా లైసెన్స్ తీసుకుంటే ఇది చూపించు తమ్ముడూ. మాకు తుంటి వెడల్పు, నడుం పొట్టి. 3 దగ్గర పెడితే పిడి నేరుగా పక్కటెముకల్లో దిగుతుంది. నేను ఆర్నెల్లు కమిలిన గుర్తులతో తిరిగి, చివరికి పొట్టకి చుట్టుకునే బెల్లీ బ్యాండ్‌కి మారాను. అందులో కూడా ట్రిగ్గర్‌ని కప్పే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే తీసుకోవాలి, ఉత్త సాగే గుడ్డ కాదు. కుర్తా కింద బాగా దాగుతుంది. అయితే మోకాళ్ళ దాకా ఉన్న కుర్తాని ఒంటి చేత్తో పైకి లాగడం చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత పని. అద్దం ముందు వందసార్లు చేసి చూసుకున్నాకే బయటికి.

హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రం వద్దు. 2014 డిసెంబర్ 30న ఐడహోలోని హేడెన్‌లో ఒక తల్లి రెండేళ్ళ కొడుకుతో వాల్‌మార్ట్‌కి వెళ్ళింది. పర్సులో పిస్టల్. జిప్పు ఉన్న ప్రత్యేకమైన అరలోనే పెట్టుకుంది పాపం. బాబు ఆ జిప్పు తీశాడు, పిస్టల్ పేలింది. తల్లి అక్కడికక్కడే పోయింది. అప్పట్లో మా వాడిదీ అదే వయసు. నా బ్యాగ్‌లో ఎన్నిసార్లు చెయ్యి పెట్టేవాడో లెక్కలేదు.

మన ఇళ్ళలో ఫంక్షన్లకి నేను పెట్టుకోను. పిల్లలు ఒళ్ళోకి ఎక్కుతారు, పెద్దవాళ్ళకి వంగి దణ్ణం పెట్టాలి, వదినలు కౌగిలించుకుంటారు. ఎవరి చెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. గుడికీ అంతే.

జవాబు: ఆస్టిన్ నుంచి

వాదన కోసం కాదు గానీ, మీరు ఒక్కరే డబ్బుతో కారు దాకా నడవడమే నాకు నచ్చలేదు. డబ్బు రాత్రి షాపులోనే, మీరు కూడా తెరవలేని డ్రాప్ సేఫ్‌లో (పైనుంచి డబ్బు లోపల వేసే ఇనప్పెట్టె) వేసి, ఖాళీ చేతులతో వెళ్ళండి. ఆ సంగతి తలుపు మీద బోర్డు పెట్టండి. మీ బావగారిని అడగండి, హోల్‌స్టర్ కంటే ఆయన పెట్టాల్సిన ఖర్చు ఇది.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 నిండినవాళ్ళు, వేరే నిషేధం లేకపోతే, లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ (పిస్టల్ వెంట ఉంచుకోవడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్స్) తీసుకోండి. స్కూలుకి 1000 అడుగుల లోపు తుపాకి ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు. మన ఊళ్ళో ఏ రోడ్డు మీద వెళ్ళినా ఒక స్కూలు తగులుతుంది కదా. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, 3, 7, 15 గజాల నుంచి 50 తూటాలు, 250కి 175 మార్కులు వస్తే పాస్. తలుపుల మీద 30.05, 30.06, 30.07 బోర్డులు (తుపాకితో లోపలికి రావద్దని చెప్పే చట్టం సెక్షన్లు) చదవడం నేర్చుకోండి. ఎర్రగా 51% అని (ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచే అని) బోర్డు ఉన్న బార్‌లోకి పిస్టల్‌తో అసలు వద్దు. పోలీసు ఆపి ఐడీ అడిగితే, పిస్టల్ ఒంటి మీద ఉన్నప్పుడు ఎల్‌టీసీ కూడా చూపించాలి. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి మాట్లాడండి.

అడిగినవారు, మూడు వారాల తర్వాత

అన్నకి, అక్కకి, ఆస్టిన్ వారికి దండాలు. బెల్టు మార్చగానే సగం నొప్పి పోయింది, నిజంగా. ముందు వైపు ప్రయత్నించాను. నిలబడితే బ్రహ్మాండం, కింద కూర్చుని పప్పన్నం తినేసరికి రెండో ముద్దకే లేచిపోయాను. ఇప్పుడు మూడున్నర దగ్గర, వాలు పెట్టి, కైడెక్స్‌ది. షర్టు ఒక సైజు పెద్దది, గళ్ళది. సాదా తెల్ల చొక్కాలో కనిపించే ఉబ్బు గళ్ళలో కనపడటం లేదు. డ్రాప్ సేఫ్‌కి బావగారు ఒప్పుకున్నారు, కాస్త సణిగారు. మా వాణ్ణి రేంజ్‌కి రావద్దన్నాను, వారం రోజులు మాట్లాడలేదు.

చెమటకి మాత్రం చర్మం ఎర్రబడుతోంది. దానికేమైనా ఉందా అన్నా? సంక్రాంతికి ఊరెళ్తున్నాను, ఈలోపు తగ్గితే బాగుండు. అమ్మ చూస్తే వంద ప్రశ్నలు వేస్తుంది.

జవాబు: కేటీ నుంచి

పొడుగు బనీను లోపల వేసుకుని, దాన్ని పాంటులోకి దోపి, దాని మీద హోల్‌స్టర్ పెట్టు. ప్లాస్టిక్ ఒంటికి తగలకూడదు. రాత్రి ఇంటికొచ్చాక హోల్‌స్టర్ తుడిచి ఆరబెట్టు, పిస్టల్ మీద చెమట తుడిచి చుక్క నూనె రాయి. మన వాతావరణంలో తుప్పు ఇట్టే పడుతుంది.

ఊరికి అన్నావు కాబట్టి చెప్తున్నాను. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచి గానీ, ఆ రోజు వేసుకున్న జాకెట్ గానీ ప్రయాణానికి వాడకు. అడుగున ఎక్కడో ఒక్క తూటా మిగిలినా, శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. మర్చిపోయానంటే వింటారు గానీ, ఆ వినడం స్టేషన్‌లోనూ కోర్టులోనూ జరుగుతుంది. ఈలోపు సంక్రాంతి వెళ్ళిపోతుంది. కొత్త సూట్‌కేసు కొనుక్కో. అందులో అత్తయ్యకి బాదం పప్పు కూడా ఎక్కువ పడుతుంది.